ట్యూబ్‌లైటు మార్చేముందు చోక్ సంగతి

గ్యారేజీలో ఎప్పుడో బిగించిన ట్యూబ్‌లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి, గొట్టాలు తీసేసి అదే పొడవున్న ఎల్‌ఈడీ గొట్టాలు పెడితే సరిపోతుందా అని ఒక పాఠకుడు అడిగారు. గొట్టం మార్చడం చిటికెలో పని. తేల్చుకోవలసింది వేరే ఉంది. రేకు పెట్టె లోపల బరువుగా కూర్చుని గొట్టంలోని కరెంటును అదుపు చేసే చోక్‌ను ఉంచాలా, తీసేయాలా? అది తేలితే మిగతా పని సులువు. అందుకే జవాబంతా చోక్ చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో ఉన్న విద్యుత్ పరికరాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా అదే.

గొట్టంలోని పాదరసపు ఆవిరి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఇస్తుందని, గాజు లోపలి తెల్లటి పూత దాన్ని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుందని చాలామంది చదువుకునే ఉంటారు. ఆ ఆవిరి గుండా పారే కరెంటుకు తనంతట తాను ఆగడం తెలియదన్న సంగతి మాత్రం పాఠాల్లో అరుదుగా కనిపిస్తుంది.

రాగి తీగకు వోల్టేజీ రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపవుతుంది, అంతే, ఓమ్ నియమం చెప్పేది ఇదే. వాయువు సంగతి వేరు. పరుగున వచ్చిన ఎలక్ట్రాన్ ఒక పరమాణువును ఢీకొని మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కరెంటు పెరిగేకొద్దీ దారి ఇంకా తేలికవుతుంది కనుక గొట్టానికి కావలసిన వోల్టేజీ పెరగకపోగా తగ్గుతుంది. వెలుగుతున్న గొట్టాన్ని అడ్డేమీ లేకుండా నేరుగా 230 వోల్టులకు వదిలేస్తే కరెంటు క్షణంలో హద్దు మీరుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా గొట్టమే పాడవుతుంది. ఓమ్ నియమాన్ని తరగతి గదిలో ప్రకృతి శాసనంలా చెబుతారు. అదే గదిలో తలపైన వెలుగుతున్న దీపం ఆ నియమాన్ని పాటించడం లేదని కూడా ఆ పూటే చెబితే పిల్లలకు రెండూ గుర్తుంటాయి.

ఈ పొగరుబోతు ఎద్దుకు వేసిన ముకుతాడే చోక్. ఇనుప రేకుల దిమ్మ చుట్టూ చుట్టిన రాగి తీగ, అంతకుమించి అందులో ఏమీ లేదు. కరెంటు పెరగబోతే దిమ్మలోని అయస్కాంత క్షేత్రం వెనక్కి లాగుతుంది, తగ్గబోతే ముందుకు తోస్తుంది. ఆ పనికి మామూలు నిరోధకం చాలదా అని అడగవచ్చు. లెక్క చూద్దాం. నాలుగు అడుగుల 36 వాట్ల గొట్టం సుమారు 103 వోల్టుల దగ్గర 0.43 ఆంపియర్లు తీసుకుంటుంది. మిగిలిన 127 వోల్టులను నిరోధకం మోయాలంటే దాదాపు 55 వాట్లు వేడిగా పోతాయి. దీపం తినేదానికన్నా అది ఎక్కువ! చోక్ అయితే 10 వాట్ల లోపే ఖర్చుతో ఆపుతుంది. ఎందుకంటే అది సగం సమయం శక్తిని అయస్కాంత క్షేత్రంగా దాచుకుని, మిగతా సగంలో తిరిగి ఇచ్చేస్తుంది.

మీటరుతో కొలిస్తే ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. గొట్టం దగ్గర 103 వోల్టులు, చోక్ దగ్గర దాదాపు 205. కూడితే 308. వచ్చే సరఫరా మాత్రం 230! తప్పు మీటరుది కాదు. చోక్ వోల్టేజీ శిఖరానికి చేరే వేళకు గొట్టం వోల్టేజీ సున్నా దగ్గర ఉంటుంది, ఇంటికి వచ్చే ఏసీ కరెంటు అటూ ఇటూ ఊగే ఒక్కో ఆవర్తనంలో రెండిటికీ పావు వంతు తేడా. అందుకే వాటిని మామూలుగా కూడకూడదు, లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లా కూడాలి. 103 వర్గం, 205 వర్గం కలిపి వర్గమూలం తీయండి, 229 పైచిలుకు వస్తుంది. తరంగ రూపాలు కచ్చితంగా సైన్ వక్రాలు కావు కనుక ఇది ఉజ్జాయింపే అయినా, పైథాగరస్ సిద్ధాంతం గ్యారేజీ కప్పు కింద ఇంత చక్కగా పనిచేయడం నన్ను ఇప్పటికీ ఉత్సాహపరుస్తుంది.

చోక్‌కు రెండో పని కూడా ఉంది. స్టార్టర్‌లో చిన్న గాజు బుడ్డి, అందులో రెండు లోహాలు అతికించిన వంపు పట్టీ ఉంటాయి. స్విచ్ వేయగానే బుడ్డిలో సన్నని వెలుగు పుడుతుంది. ఆ వేడికి పట్టీ వంగి ఎదుటి కాడను తాకుతుంది, వెలుగు ఆరిపోతుంది, గొట్టం రెండు కొసలు ఎర్రబడతాయి. చల్లారిన పట్టీ వెనక్కి లేచిన క్షణంలో చోక్‌లోని కరెంటు హఠాత్తుగా తెగి, వందల వోల్టుల పోటుగా మారి గొట్టాన్ని వెలిగిస్తుంది. పొగరుబోతు ఎద్దును ఆపే ముకుతాడే అవసరమైనప్పుడు అదిలించి లేపుతుందన్నమాట. వెలిగించేటప్పుడు బోలెడు కరెంటు కాలుతుందని, అందుకే ట్యూబ్‌లైటును ఆర్పకుండా ఉంచడమే పొదుపని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. ఆ ఒకటి రెండు సెకన్ల ఖర్చు లెక్కలోకి రాదు. అయితే ప్రతిసారీ కొసల మీది పూత కొంత రాలిపోతుంది, కొసలు నల్లబడేది అందుకే. లోపలికి వచ్చి ఒక వస్తువు తీసుకుని వెళ్లిపోయే గ్యారేజీలో ఈ గొట్టాలు త్వరగా ముసలివయ్యేది ఇందువల్లే.

ఎల్‌ఈడీకి ముకుతాడు అక్కర్లేదనుకోకండి. వోల్టేజీ కొద్దిగా పెరిగితే దానిలో కరెంటు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది, వేడెక్కితే ఇంకా. ఆ ముకుతాడు ఇప్పుడు డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్‌గా గొట్టంలోనే ఇమిడిపోయింది. కాబట్టి పాత చోక్ పనిలేనిదవుతుంది. మామూలు చోక్ ఉన్నచోట, స్టార్టర్ తీసి ఎల్‌ఈడీ గొట్టంతో వచ్చిన ఉత్తుత్తి స్టార్టర్ పెడితే వెలుగుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉంటే మాత్రం దానికి సరిపడుతుందని తయారీదారు రాసిన గొట్టాన్నే కొనాలి. నా మట్టుకు చోక్‌ను పూర్తిగా తీసేసి సరఫరాను నేరుగా హోల్డరుకు ఇవ్వడమే మేలు. పాడయ్యే వస్తువు ఒకటి తగ్గుతుంది. ఫిట్టింగే తుప్పు పట్టి ఉంటే అదంతా మార్చేయండి.

నేరుగా కలిపేటప్పుడు మెయిన్ ఆపాలి, తీగలో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోవాలి, చేయి తిరగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. రెండు కొసల నుంచీ కరెంటు తీసుకునే గొట్టాల్లో ఒక కొస బిగించాక రెండో కొస పిన్నులు షాక్ కొట్టే ప్రమాదం ఉంది, ఒకే కొస నుంచి తీసుకునేవి నయం. అయితే వాటికి హోల్డరులో పిన్నులు తాకే రెండు లోహపు పట్టీలూ విడివిడిగా ఉండాలి. లోపల కలిసిపోయి ఉంటే ఫేజు, న్యూట్రల్ నేరుగా తగులుకుంటాయి. ఇక ఫిట్టింగ్ మీద ‘చోక్ లేదు, ఎల్‌ఈడీ మాత్రమే’ అని చీటీ తప్పకుండా అంటించండి. రేపెవరో తెలియక పాత గొట్టం పెడితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

గ్యారేజీలో రంపమో డ్రిల్లో వాడేవారు మరొకటి గమనించాలి. 50 హెర్ట్జ్ సరఫరాలో చోక్‌తో వెలిగే దీపం సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే నాలుగు రెక్కల చక్రం రెండు వెలుగుల మధ్య సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది, ఒక రెక్క చోటికి ఇంకో రెక్క వస్తుంది. కంటికి చక్రం ఆగినట్టుంటుంది! చవక డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీలో ఇది ఇంకా తీవ్రం, ఎందుకంటే కరెంటు తగ్గగానే దాని వెలుగు వెంటనే పడిపోతుంది. కొన్న గొట్టం కింద పెన్సిల్‌ను వేగంగా ఆడించండి. మసకబారిన చార బదులు విడివిడి పెన్సిళ్లు కనిపిస్తే ఆ గొట్టాన్ని తిరిగి ఇచ్చేయండి.

దించిన పాత గొట్టాల్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి కుదిరిన 2013 నాటి మినమాటా ఒప్పందంలోని దేశాలు 2027 నాటికి ఫ్లోరోసెంట్ దీపాల తయారీని, ఎగుమతి దిగుమతులను ఆపాలని 2023లో నిర్ణయించింది దీనివల్లే. వాటిని పగలగొట్టకుండా ప్రమాదకర వ్యర్థాలు సేకరించేచోట ఇవ్వాలి. పగిలితే తలుపులు తెరిచి కాసేపు బయటికి వెళ్లండి, తర్వాత చీపురుతో ఊడ్చకుండా గట్టి అట్టతో ముక్కలెత్తి, పొడిని అంటుకునే టేపుతో అద్ది మూతసీసాలో వేయండి.