డొంక దారుల్లో గ్రావెల్ సైకిల్: అపోహలు – వాస్తవాలు

గుంటూరులో నాది సైకిళ్లు బాగుచేసే పని. ఆదివారం మాత్రం షట్టరు ఎత్తను. వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని తారు లేని దారుల్లో తిరుగుతుంటాను. గ్రావెల్ సైకిలంటే మట్టి, కంకర దారుల్లో కూడా తొక్కేలా కాస్త లావు టైర్లతో చేసింది. షాపుకొచ్చి దాని గురించి అడిగేవాళ్లంతా ఏ కంపెనీ మంచిది, ఎన్ని గేర్లు, ఫ్రేము కార్బనా అల్యూమినియమా అనే అడుగుతారు. ఏ నెలలో ఎటు వెళ్లాలి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొదట తెలుసుకోవాల్సింది అదే. ఇక్కడ మనిషిని ఇంటికి చేర్చేదీ, మధ్యలో ఆపేసేదీ నేలే.

అపోహ: గ్రావెల్ దారులు విదేశాల్లోనే. మనకెక్కడివి?

వీడియోల్లో చూపించేవి టస్కనీ తెల్లమట్టి రోడ్లు, ఇంగ్లండులో రెండువైపులా పచ్చటి కంచెలున్న సందులు. గ్రావెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా మొదటిసారి 2022లో ఇటలీలోనే జరిగింది. అవన్నీ చూసి మన దగ్గరేముంది అనుకుంటారు. మన డొంకలు ఇంకేమిటి? అటొక చేను, ఇటొక చేను, మధ్యలో బండి దారి, గట్ల మీద జెముడు, కిత్తనార, రేగు, తంగేడు. ఈమధ్య వాటన్నిటినీ సర్కారు తుమ్మ మింగేస్తోంది, అది వేరే బాధ. ఊరి పటంలో చాలా డొంకలు పోరంబోకు కింద ఉంటాయి, అంటే నలుగురూ నడిచే దారే. కొన్నిచోట్ల పక్క చేలవాళ్లు ఏటా ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చి దాన్ని కాలిబాట చేసేశారనుకోండి.

ఇక కాలవ కట్టలు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే ఏలూరు, రైవస్, బందరు కాలవలు, గుంటూరు వైపు సీతానగరం నుంచి దుగ్గిరాల మీదుగా సాగే పడమటి కాలవ, దాన్నుంచి వచ్చే కొమ్మమూరు కాలవ. 1850ల్లో కృష్ణకు ఆనకట్ట కట్టాక తవ్విన ఈ కాలవలు సాగునీటికి మాత్రమే కాదు, పడవలకు కూడా. కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది గనక సరుకు పడవలు మద్రాసు దాకా పోయేవి. మనుషులు కట్ట మీద నడుస్తూ మోకులతో పడవలు లాగేవారు. కాబట్టి కట్టకు ఎత్తుపల్లాలుండవు, మలుపులు కూడా నిదానంగా తిరుగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి నేను చెప్పలేను.

అపోహ: టైరు ఎంత లావైతే బురదలో అంత సులువు

ఇసుకలో ఈ మాట నిజం. నల్లరేగట్లో మాత్రం పనికిరాదు.

రేగడిలో ఉన్న బంకమన్ను నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. తడిసిన డొంకలోకి దిగితే చక్రం నాలుగు చుట్లు తిరిగేలోపే టైరు చుట్టూ ఒక పొర పడుతుంది. ఆ పొరకు గడ్డీ, పత్తికట్టె ముక్కలూ అంటుకుంటాయి. అదంతా వెళ్లి ముందు ఫోర్కు కిందా, వెనక చక్రానికి రెండువైపులా ఉండే చైన్‌స్టే గొట్టాల మధ్యా కూరుకుపోతుంది. చక్రం బిగుసుకుపోయాక దిగి నెట్టినా కదలదు, భుజాన వేసుకోవాల్సిందే. చాలామంది అక్కడే మొండికేసి పెడల్ మీద నిలబడతారు. అప్పుడు మట్టి ముద్ద గేర్లు మార్చే డిరైల్యూర్‌ని చువ్వల్లోకి లాగి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కున విరుగుతుంది. వానాకాలంలో నా షాపుకొచ్చే గ్రావెల్ సైకిళ్లకు ఎక్కువగా ఇదే జబ్బు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం హ్యాంగర్, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. అందుకే సైకిల్ కొన్ననాడే రెండోది కూడా తీసుకుని సంచీలో పడేసుకోండి.

చూడాల్సింది టైరు లావు కాదు, టైరుకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ. 50 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేములో 40ది వేస్తే రెండువైపులా ఐదేసి మిల్లీమీటర్లు కలిసొస్తాయి. వానాకాలంలో ఆ ఐదే కాపాడుతుంది. ఇంకా మంచి పని ఏమిటంటే అసలు దిగకపోవడం. ప్రత్తిపాడు వైపు ఒక డొంక మొదట్లో మమ్మల్ని చూసి ఒక పెద్దాయన, “ఏం బాబూ, ఎద్దుల బండే దిగట్లేదు, మీరు సైకిళ్లేసుకొచ్చారా? రెండు ఎండలు కాయనివ్వండి” అన్నారు. నేను కూడా అదే లెక్క పాటిస్తున్నాను. గట్టి వాన పడితే రెండు మంచి ఎండలు కాసేదాకా రేగడి జోలికి పోను. ఆలోపు గ్రావెల్ పోసిన కట్టలున్నాయి, కొండవీడు కిందుగా ఎర్ర గరప నేలలున్నాయి. గరపలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి.

ఎండాకాలంలో ఇదే రేగడి ఇంకో రకంగా ఏడిపిస్తుంది. నేల నెర్రెలు విచ్చుతుంది. వానాకాలంలో ట్రాక్టరు చక్రాలు చేసిన గాడులు రాయిలా గట్టిపడతాయి. ముందు చక్రం గాడిలో పడ్డాక హ్యాండిల్ తిప్పారా, పక్కకి పడ్డట్టే. గాడిలోనే నిదానంగా పోయి, అది లోతు తగ్గేచోట బయటికి రండి.

అపోహ: గాలి గట్టిగా కొట్టిస్తే పంక్చరు కాదు

ముల్లుకు మీ గాలితో పనిలేదు. సర్కారు తుమ్మ ముల్లు ఎంత గాలున్నా దిగుతుంది. దానికన్నా మోసం పల్లేరు కాయ. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. గాలి ఎక్కువైతే జరిగేది ఒక్కటే, గులకరాళ్ల మీద సైకిల్ ఎగిరెగిరిపడి చేతులు తిమ్మిరెక్కుతాయి. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 30 నుంచి 40 పీఎస్ఐ మధ్యలో చాలు. కుదుపులు మింగే స్ప్రింగులు, అంటే సస్పెన్షన్, లేకపోతే ఎలా అని అడిగేవాళ్లకు కూడా నా జవాబు ఇదే.

ట్యూబు అక్కర్లేని ట్యూబ్‌లెస్ టైర్లు పెట్టించుకోండి, లోపల చిల్లులు పూడ్చే సీలెంటు ద్రవం పోయించుకోండి. మన ఎండలకు సీలెంటు తొందరగా ఆరిపోతుంది. రెండు నెలలకోసారి వాల్వు విప్పి చూసుకోకపోతే అది రబ్బరు ఉండలై టైరులో గలగలలాడుతుంటుంది. ముల్లు కనిపించగానే పీకేయకండి. చాలాసార్లు ముల్లే బిరడాలా పనిచేస్తుంది. పీకక తప్పదనుకుంటే, పీకిన వెంటనే చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకోండి.

ట్యూబు వాడేవాళ్లు ప్యాచీ వేసేముందు టైరు లోపలివైపు దూదిని చుట్టూ తిప్పండి. విరిగి మిగిలిన ముల్లు మొన కంటికి కనబడదు, వేలికి తగలదు. దూది మాత్రం చటుక్కున పట్టుకుంటుంది. ఆ మొన తీయకుండా ప్యాచీ వేస్తే కిలోమీటరు పోకముందే మళ్లీ దిగాలి.

ఊళ్లో పంక్చరు షాపుంటుందిలే అన్న ధీమా కొంతవరకే. మీ సైకిల్‌ది సన్న వాల్వు, వాళ్ల కంప్రెసర్‌ది బైకు వాల్వు. ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఏ ఊళ్లోనైనా గాలి దొరుకుతుంది. లేకపోతే కంప్రెసర్ ఎదురుగా ఉన్నా చూస్తూ నిలబడాలి.

అపోహ: అడవి అందరిదీ, ఎటైనా పోవచ్చు

కాదు. కొండపల్లి రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడటం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. ఇంగ్లండులో 1968 నాటి చట్టం గుర్రాలు నడిచే బాటల మీద సైకిల్‌కి హక్కిచ్చింది, ఫుట్‌పాత్‌లను మాత్రం అందులో చేర్చలేదు. ఆ వీడియోల్లో కనిపించే స్వేచ్ఛకు కూడా హద్దులున్నాయన్నమాట. మనకు కొండపల్లి ఖిల్లాకి వెళ్లే ఘాట్ రోడ్డుంది, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు దారుంది, గుంటూరు వాళ్లకు కొండవీడు ఘాట్ ఉంది. గేటు దగ్గర అడిగి వెళ్లండి. దారి పక్కకి దిగి కొత్త బాట మాత్రం వేయకండి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి ఈ కొండల చెట్టే, ఇప్పుడు ఆ కర్రకే కరువొచ్చింది. టైరు కింద నలిగేది దాని మొక్కే కావచ్చు.

అపోహ: మనది పల్లపు నేల, గేర్లెందుకు?

ఘాట్‌లు ఎక్కని వాళ్లు కూడా ఎదురుగాలికి తొక్కాలి. డెల్టాలో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, కట్ట మీద దాన్ని ఆపే చెట్టుండదు. పొద్దున్నే బాపట్ల దిక్కుకి పోయి, తిరుగు ప్రయాణంలో ఆ గాలిని వీపున వేసుకోండి. రోహిణి కార్తెలో అయితే ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం కొట్టేస్తే కడుపులో తిప్పుతుంది.

అపోహ: కుక్క తరిమితే ఇంకా వేగంగా తొక్కాలి

వేగం చూసే అది తరుముతుంది. దిగండి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడవండి. పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బూ ధార నీళ్లూ పెట్టి కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పసుపూ సున్నం పూయకండి.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలు

ఉపగ్రహం ఫొటోలో డొంక తెల్లగా, బారుగా కనబడిందంటే అది ఎండాకాలంలో తీసిందై ఉండొచ్చు. సెప్టెంబరులో అదే చోట నడుమెత్తు కంప ఉంటుంది. కాలవ కట్ట కూడా ఒక్కోచోట తూము దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది, అవతలి గట్టుకు వంతెన ఉండదు. పశువులు కాసే వాళ్లను అడగండి.

అపోహ: కట్ట మీద ఎవరూ ఉండరు, దూసుకుపోవచ్చు

గేదెలుంటాయి, గడ్డిమోపులుంటాయి, ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు డొంకల పక్కన మిరప కళ్లాలు ఎర్రగా పరిచి ఉంటాయి. పక్కనుంచి పోనిచ్చినా టైరు లేపే దుమ్ము కాయల మీద పడుతుంది, అంచు తొక్కితే కాయ చిట్లి గింజ రాలుతుంది. గింజ రాలిన కాయకు మిర్చి యార్డులో ధర పడిపోతుంది. కళ్లం కనబడగానే దిగి నడిపించుకుపోండి, రుమాలు ముక్కుకు కట్టుకోండి. లేకపోతే ఆ ఘాటుకి ఊరు దాటేదాకా తుమ్ములే.