తూము దగ్గర నీళ్లు

చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగినదానికి జవాబు చెప్పకుండా మాట మార్చేశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ తట్టలేదు. నానమ్మ పంపిన గరిజెల డబ్బా సగం ఖాళీ చేసి, చెల్లె తిన్నదని చెప్పి, దొరికిపోయాక "నేనట్ల చేస్తనని నా తలరాతల ముందే రాసి ఉంటే అమ్మ నన్నెందుకు తిట్టాలె తాతా?" అన్నావు. ఫోన్ పెట్టేశాక ఎంతసేపు నవ్వుకున్నానో!

ఇక్కడ వారం నుంచి వానలు. మన చెరువు మత్తడి దుంకుతోంది. రోజూ పొద్దున పోయి చూస్తున్నా, చూస్తూ నీ ప్రశ్నే నెమరేస్తున్నా. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి కాలం, అంటే 1213 ప్రాంతం, అప్పటికే మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. పైది నిండితే మత్తడి దుంకి కిందిదాంట్లోకి పోతుంది. ఎటు పోవాలో నీళ్లను ఎవరూ అడగరు, వాలు ఎటుంటే అటే. నీకు తీపంటే ప్రాణం, అది మీ నాన్న పోలిక. కోపం నాది. ఇవేవీ నువ్వు ఏరుకున్నవి కావు బిడ్డా, అదంతా వాలు.

కానీ తూము దగ్గర నీరటి ఉంటాడు. ఎవరి పొలానికి ఎంతసేపు వదలాలో చూసేది ఆయనే. నాకు పదకొండేళ్లప్పుడు ఒక రాత్రి మా నాయిన నన్ను తడి కాడికి పంపాడు. వంతు పక్కవాళ్లది, మన మడి నెర్రెలిచ్చి ఉంది. బోదెకు అడ్డంగా ఉన్న మట్టిపెడ్డను కాలితో తోశాను. నీళ్లు వెంటనే రాలేదు. ఆ అంచున ఊక, రెండు గడ్డిపరకలు తేలుతూ కాసేపు అక్కడక్కడే తిరిగాయి, తర్వాత ఒక్కసారిగా మన మడిలోకి జారాయి. వెనక లాంతరు వెలుగు. నీరటి తాత. "నేనేం చేసిన, నీళ్లే ఇటు వచ్చినయ్" అన్నాను. ఆయన కొట్టలేదు. "నీళ్లకు తెల్వది బిడ్డా, ఎటు వాలుంటే అటు పోతయ్. నీకు తెల్సుగద" అని పెడ్డను మళ్లీ నాతోనే పెట్టించాడు. ఈ ముచ్చట మీ నాన్నకు కూడా చెప్పలేదు.

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త మనుషుల తలకు వైర్లు తగిలించి, మీ ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపండి అన్నాడు. కదపాలని అనిపించిందని వాళ్లు చెప్పిన క్షణం కన్నా సెకనులో మూడో వంతు ముందే మెదడులో కదలిక మొదలైందట. అయితే అంతా ముందే అయిపోయినట్టేనా? ఆ కదలికే నిర్ణయమా అని తర్వాతివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. లిబెట్ మాత్రం, అనిపించాక కూడా చెయ్యి ఆపుకునేంత సందు ఉంటుందన్నాడు. నాకు వెంటనే ఆ గడ్డిపరకలే గుర్తొచ్చాయి.

మరి నీరటి తలలో ఎవరున్నారు, ఇంకో నీరటా అని బుజ్జమ్మ అడుగుతుంది, నాకు తెలుసు. అక్కడ నా పోలిక కట్ట తెగిపోతుంది తల్లీ. కానీ అమ్మ తిట్టు సంగతి చెప్పగలను. తప్పు రాసి ఉంటే తిట్టూ రాసే ఉంటుంది కదరా! పైగా తిట్టు ఊరికే పోదు, అదొక పార పోటు. రేపు నీళ్లు వచ్చేసరికి బోదె కొంచెం వేరే దిక్కు తిరిగి ఉంటుంది. రోజూ అబద్ధమాడితే అటూ బోదె పడుతుంది, అది కూడా గుర్తుంచుకో.

ఒక పని చెయ్యి. గరిజెల డబ్బా మూత మీద చెయ్యి పడ్డప్పుడు తినొద్దని నేననను, తిను. మూత తీసే ముందు ఒక్క క్షణం ఆ చేతినే చూడు. ఏం కనిపించిందో నాకు చెప్పు.

ఆదివారం రండి. మత్తడి ఇంకో నాలుగు రోజులు దుంకేలా ఉంది. బోదె దగ్గర పెడ్డ తీసేది మీరే, నేను గట్టు మీద కూచుంటా. పాత చెప్పులు వేసుకోండి, బురద ఎక్కువుంది.

మీ తాత