విస్కాన్సిన్‌లో జడ్జిని జనమే ఎన్నుకుంటారు

మన దగ్గర హైకోర్టు జడ్జి కావాలంటే కొలీజియం సిఫారసు, రాష్ట్రపతి ఉత్తర్వు ఉండాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిని జనమే ఓటేసి గెలిపిస్తారు. పదవీకాలం 10 ఏళ్లు. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు గానీ, ఎవరి వెనక ఏ పార్టీ ఉందో అందరికీ తెలుసు. 2025 ఏప్రిల్ 1న డేన్ కౌంటీ జడ్జి సుసాన్ క్రాఫోర్డ్ ఇలాగే గెలిచారు.

జడ్జిలందరినీ ఎన్నుకునే పద్ధతి 1832లో మిసిసిపిలో మొదలైంది. విస్కాన్సిన్ 1848లో రాష్ట్రంగా ఏర్పడుతూనే దాన్ని రాజ్యాంగంలో రాసుకుంది.

తొలి పరీక్ష త్వరగానే వచ్చింది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన జాషువా గ్లోవర్‌ను 1854లో మిల్వాకీ జైలు తలుపు పగలగొట్టి జనం విడిపించారు. అందుకు సాయపడ్డారని పత్రికా సంపాదకుడు షెర్మన్ బూత్‌పై కేసు పెట్టారు. ఆ కేసులో, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే కేంద్ర చట్టం చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం రాజ్యాంగబద్ధమేనన్న న్యాయమూర్తి శామ్యూల్ క్రాఫోర్డ్‌ను మరుసటి ఏడాది ఓటర్లు ఇంటికి పంపారు. ఆ ఓటులో న్యాయం ఉంది, కాదనలేం. కానీ ఇచ్చిన తీర్పును బట్టి జడ్జి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలడం కూడా అక్కడే మొదలైంది.

2008లో ఆ ఓటే ఎదురు తిరిగింది. లూయీ బట్లర్ మిల్వాకీలో ఏళ్ల తరబడి జడ్జిగా చేసి, రాష్ట్ర సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయినవారు. ప్రత్యర్థి మైకేల్ గేబుల్‌మన్ టీవీ ప్రకటనలో బట్లర్ ఫొటో పక్కనే ఒక అత్యాచార దోషి ఫొటో పెట్టారు. ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన ఉచిత న్యాయవాదిగా ఆ దోషి తరఫున బట్లర్ వాదించిన కేసది. బట్లర్ వల్లే అతను బయటపడి మళ్లీ నేరం చేశాడన్నట్టు చూపించారు. నిజానికి ఆ అప్పీలు చివరికి ఓడిపోయింది, అతను శిక్ష అనుభవించాకే బయటికొచ్చాడు. అయినా బట్లర్ ఓడిపోయారు. పదవిలో ఉన్న న్యాయమూర్తి ఓడటం 1967 తర్వాత అదే మొదటిసారి.

అభ్యర్థికి చట్టం అడిగేది 5 ఏళ్ల లాయరు లైసెన్సే, జడ్జిగా అనుభవం కాదు. పైగా ఎన్ని కేసులు తేల్చి ఉంటే ప్రత్యర్థికి అన్ని ప్రకటనలు దొరుకుతాయి. 2025లో సుసాన్ క్రాఫోర్డ్, ఆమె ప్రత్యర్థి బ్రాడ్ షిమెల్ ఇద్దరూ జడ్జిలే. నేరస్థులను తక్కువ శిక్షలతో వదిలేశారని ఒకరినొకరు తిట్టుకున్నారు. ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. షిమెల్ కోసం దిగిన ఎలాన్ మస్క్ గ్రీన్ బే సభలో ఇద్దరు ఓటర్లకు చెరో 10 లక్షల డాలర్ల చెక్కు ఇచ్చారు.

మిజోరి రాష్ట్రం 1940లోనే వేరే దారి పట్టింది. కమిటీ వడపోసిన పేర్ల నుంచి గవర్నర్ ఒకరిని నియమిస్తారు, తర్వాత ఉంచాలా వద్దా అన్నది జనం చెప్తారు. ఓటూ ఉంటుంది, అనుభవానికీ విలువుంటుంది. నాకు అదే మేలనిపిస్తుంది.