సెప్టెంబరులో ఒక ధర, వేసవికి ఇంకో ధర: ఫుట్‌బాల్ గేమ్ వెనక ముప్పై ఏళ్ల లెక్క

సెప్టెంబరు ఆఖరు వారం వచ్చిందంటే ఎస్వీయూ హాస్టళ్లలో, ఏర్పేడు ఐఐటీలో, చిత్తూరులో గంటకింత అని తీసుకునే పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) సెంటర్లలో ఒకటే చర్చ. కొత్త ఫుట్‌బాల్ గేమ్ కొనాలా, పాతదానితోనే నెట్టుకురావాలా? ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) కంపెనీ ఏటా తెచ్చే, ఒకప్పుడు ‘ఫిఫా’ పేరుతో అమ్మిన గేమ్ ఇది. 2025 సెప్టెంబరు 26న వచ్చిన ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 26కీ అదే చర్చ. ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆట బాగుందా లేదా అన్నది ఇందులో సగమే. మిగతా సగం దాన్ని అమ్మే పద్ధతిలో ఉంది, ఆ పద్ధతి ఇరవై ఏళ్లలో పూర్తిగా మారిపోయింది.

ఈ వరసలో మొదటిది 1993 డిసెంబరులో సెగా మెగా డ్రైవ్ మీద వచ్చింది. మైదానం ఏటవాలుగా కనిపించేది. అప్పటినుంచి 2000ల చివరిదాకా లెక్క సులువు: డిస్క్ కొంటే ఆట మొత్తం చేతికొచ్చినట్టే. మనవైపు చాలామందికి ఆ డిస్క్ మద్రాసు బర్మా బజార్ నుంచి వచ్చిన నకలే అనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజుల్లో పక్కన కొనామీవాళ్ల ప్రో ఎవల్యూషన్ సాకర్ గట్టి పోటీ. దానికి లైసెన్సులు తక్కువ. లివర్‌పూల్ పేరు ‘మెర్సీసైడ్ రెడ్’ అని ఉండేది, అసలు పేర్లు, జెర్సీలు కావాలంటే ప్యాచ్ (ఆటను సవరించే ఫైలు) ఎక్కించుకోవాల్సిందే. అయినా బంతి కదలిక కోసం జనం దాన్నే ఆడేవారు. ఆ పోటీ ఉన్నంతకాలం ఈఏ ప్రతి ఏడూ మైదానం మీద ఏదో ఒకటి బాగుచెయ్యక తప్పలేదు.

మలుపు 2009 మార్చిలో వచ్చింది. ఫిఫా 09కి అల్టిమేట్ టీమ్ అనే అదనపు మోడ్‌ను విడిగా డబ్బులకు అమ్మారు. తర్వాత దాన్ని ఆటలోనే ఉచితంగా కలిపేశారు. ఉచితం చేశాకే అసలు రాబడి మొదలైంది. ఆటగాళ్లు కార్డుల రూపంలో ఉంటారు, కార్డులు ప్యాకుల్లో వస్తాయి, ప్యాకులు ఆడి సంపాదించిన కాయిన్లతోగానీ డబ్బిచ్చి కొన్న పాయింట్లతోగానీ తెరవాలి. ప్యాక్‌లో ఎవరొస్తారో ముందు తెలియదు. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈఏకి అల్టిమేట్ టీమ్ మోడ్‌ల మీద, అంటే ఫుట్‌బాల్‌తో పాటు అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ గేమ్‌లను కలుపుకొని, వచ్చింది 162 కోట్ల డాలర్లు. కంపెనీ మొత్తం రాబడిలో నాలుగో వంతుకు పైనే. బెల్జియం దీన్ని జూదం కిందికి తేవడంతో 2019 జనవరిలో అక్కడ పాయింట్ల అమ్మకం ఆపేశారు. నెదర్లాండ్స్ కోటి యూరోల జరిమానా వేసింది, 2022లో అక్కడి పై కోర్టు దాన్ని కొట్టేసింది.

కొనేవాడికి దీంతో పనేమిటంటే, అల్టిమేట్ టీమ్ నడిచేది క్యాలెండర్ మీద. సెప్టెంబరులో 84 రేటింగ్ ఉన్న డిఫెండర్ దొరికితే పండగ. వారంవారం అంతకంటే మంచి కార్డులు దించుతూ పోతారు కాబట్టి జనవరికి అతను బెంచీ మీద కూడా కూర్చోడు. వచ్చే సెప్టెంబరుకు కొత్త గేమ్‌లో అందరూ సున్నా నుంచి మొదలు, పాత కార్డు ఒక్కటీ వెంట రాదు. అంటే ఈ మోడ్ కోసం కొనేవాడు కట్టేది ఏడాది అద్దె. అద్దె కట్టేదే అయితే మొదటి నెలలోనే దిగాలి. మార్చిలో సగం ధరకు కొని ఆన్‌లైన్‌కి వెళితే ఎదురయ్యేవి ఆరు నెలలుగా పేర్చుకున్న జట్లు. ఐదారు మ్యాచులు వరసగా ఓడాక చెయ్యి పాయింట్లు అమ్మే కొట్టు వైపు పోతుంది. ఆ మోడ్‌ను అలాగే కట్టారు మరి.

రూములో ఇద్దరు పక్కపక్కన కూర్చుని రెండు కంట్రోలర్లతో ఆడుకునేవాళ్లకు, ఒంటరిగా ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే కెరీర్ మోడ్‌వాళ్లకు ఈ తొందర అక్కర్లేదు. వాళ్లు చూడాల్సింది మైదానం మీద ఏం మారిందని. అది ప్రతి ఏడూ మారదు. ఫిఫా 17లో ఆటను నడిపే కొత్త సాఫ్ట్‌వేర్, ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్, వచ్చింది. ఫిఫా 22లో నిజమైన ఆటగాళ్ల నుంచి రికార్డు చేసిన హైపర్‌మోషన్ కదలికలు పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్‌లకు వచ్చాయి, పీసీకి అందడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎఫ్‌సీ 24లో ప్లేస్టైల్స్ (ఆటగాడి ప్రత్యేక నైపుణ్యాలు), 25లో జట్టుకు ఐదుగురు ఆడే రష్. 26లో రెండు రకాల ఆటతీరు పెట్టారు: ఆన్‌లైన్‌కి వేగంగా సాగే కాంపిటీటివ్, కెరీర్‌కి నెమ్మదైన ఆథెంటిక్. ఒంటరిగా ఆడేవాళ్లను చాన్నాళ్లకు పట్టించుకున్న మార్పు ఇది. ఎఫ్‌సీ 24 ఉన్నవాళ్లు 26కి మారితే తేడా తెలుస్తుంది, 25 ఉన్నవాళ్లు ఆగినా పెద్దగా పోయేదేం లేదు. ఏమీ మార్చకుండా అమ్మిన చరిత్రా ఉంది: నింటెండో స్విచ్‌లో ఫిఫా 20 నుంచి 23 దాకా ‘లెగసీ ఎడిషన్’ పేరుతో వచ్చినవాటిలో కొత్తవి జెర్సీలూ జట్లూ మాత్రమే.

పేరు మార్పు మీద అనవసరంగా కంగారు పడ్డారు. 2022 మేలో ఫిఫా సంస్థతో ఈఏ తెగతెంపులు చేసుకుంది. క్లబ్బులు, లీగులు, ఆటగాళ్ల లైసెన్సులు వేరే ఒప్పందాల కింద ఉన్నాయి కాబట్టి 2023 సెప్టెంబరు 29న వచ్చిన ఎఫ్‌సీ 24లో పోయింది ప్రధానంగా పేరూ ప్రపంచకప్పూ. అయితే ఆ నెలలోనే పాత ఫిఫా గేమ్‌లను డిజిటల్ స్టోర్ల నుంచి తీసేశారు. ఇప్పుడు ఫిఫా 23 కావాలంటే సెకండ్‌హ్యాండ్ డిస్కే గతి. చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: పీఎస్5 డిజిటల్ ఎడిషన్‌తో డ్రైవ్ రాదు, విడిగా డ్రైవ్ తగిలించకపోతే డిస్క్ తెచ్చినా పనికిరాదు. లైసెన్సు ఏడాదిలోనే తారుమారైన సందర్భాలూ ఉన్నాయి. మన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్లు ఫిఫా 22లో వచ్చాయి, 2022 మార్చిలో ఆ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీతో సహా. ఎఫ్‌సీ 25లో ఇంటర్, ఏసీ మిలాన్ రెండూ మారుపేర్లతో కనిపించాయి. అభిమాన జట్టు కోసమే కొంటుంటే ముందు జట్ల జాబితా చూడండి.

పీసీవాళ్ల తలనొప్పి వేరు. ఫిఫా 23 నుంచి విండోస్ లోతుల్లో, కెర్నల్ స్థాయిలో, పనిచేసే యాంటీచీట్ (మోసగాళ్లను పట్టే ప్రోగ్రాం) పెట్టారు. ఎఫ్‌సీ 26కి సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (భద్రతా చిప్) రెండూ ఆన్‌లో ఉండాలి. దుకాణంలో పార్టులు పేర్చి ఇచ్చిన పాత పీసీల్లో విండోస్‌ను సెక్యూర్ బూట్ పనిచేయని పాత ‘లెగసీ’ పద్ధతిలో ఎక్కించడం మామూలే, తేడా కొట్టేది అక్కడే. కొనకముందే విండోస్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ తెరవండి. బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ అని, సెక్యూర్ బూట్ ఎదురుగా ఆన్ అని ఉంటే ఆ సగం సరిపోయినట్టే, టీపీఎం మాత్రం విడిగా చూసుకోవాలి. లెగసీ అని ఉంటే డిస్కును ఎంబీఆర్ అనే పాత అమరిక నుంచి జీపీటీ అనే కొత్తదానికి మార్చాకే, బయోస్‌లో (పీసీ లేచేముందు తెరిచే సెట్టింగుల్లో) పాత పద్ధతికి వీలిచ్చే సీఎస్ఎం ఆపాలి. వరస తప్పి ముందే సీఎస్ఎం ఆపితే విండోస్ లేవదు. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ తాళం) ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకుని దాన్ని తాత్కాలికంగా ఆపండి, మార్చేముందు ఫైళ్లు వేరేచోట దాచండి. టీపీఎం ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో ఉంటుంది. కనీస హార్డ్‌వేర్ 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ స్థాయి కార్డు, 100 జీబీ ఖాళీ. 100 జీబీ దింపడానికి 50 ఎంబీపీఎస్ లైన్ మీద నాలుగున్నర గంటలు, 15 మీద పదిహేను గంటలు పడుతుంది. నెలవారీ డేటా పరిమితి ఉన్న ప్లాన్ అయితే మధ్యలో వేగం పడిపోతుంది, నెల మొదట్లో పెట్టుకోవడం మేలు.

ధర సంగతి. వారం ముందే ఆడనిస్తామని అమ్మే అల్టిమేట్ ఎడిషన్‌లో అదనపు డబ్బు పోయేది ఎక్కువగా ప్యాకులకూ పాయింట్లకే, ఆఫ్‌లైన్ ఆడేవాడికి దండగ. నవంబరు సేల్‌లో మొదటి పెద్ద తగ్గింపు, వేసవికి ఇంకా లోతుగా. ఎఫ్‌సీ 24 అయితే 2024 మేలో పీఎస్ ప్లస్ (ప్లేస్టేషన్ చందా) సభ్యులకు, జూన్‌లో ఈఏ ప్లే (ఈఏ చందా) సభ్యులకు అదనపు ఖర్చు లేకుండా వచ్చేసింది. ఈఏ ప్లే ఒక్క నెలకు తీసుకుంటే కొత్త గేమ్‌ను పది గంటలు ఆడి చూడొచ్చు, ఆ ప్రగతి కొన్నాక కొనసాగుతుంది. పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల ఆట దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. సెక్యూర్ బూట్ ఇబ్బంది బయటపడటానికి ఆ రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. పీఎస్‌లో ఆన్‌లైన్ మ్యాచులకు పీఎస్ ప్లస్ చందా వేరే కట్టాలి, పీసీలో అక్కర్లేదు. రూములో ఇద్దరు ఆడుకోవడానికి ఏ చందా అవసరం లేదు. ఇవేవీ కుదరకపోతే 2021 సెప్టెంబరు 30 నుంచి కొనామీ ఈఫుట్‌బాల్ ఉచితంగానే దొరుకుతోంది, మొదట్లో నవ్వులపాలైనా తర్వాత చాలా కుదురుకుంది.