తుపాకీ పట్టిన పిల్లల్ని బోనెక్కించాలా?

2002లో ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు వచ్చాయి. జులైలో అఫ్గానిస్తాన్‌లో జరిగిన కాల్పుల తర్వాత అమెరికా సైనికులు ఒమర్ ఖద్ర్ అనే కెనడా కుర్రాడిని తీవ్ర గాయాలతో పట్టుకున్నారు. వాడి వయసు 15. అల్‌ఖైదా మనుషుల మధ్యకు వాణ్ణి తీసుకెళ్లింది కన్నతండ్రే. అమెరికా వాణ్ణి గ్వాంటనామో సైనిక జైలుకు తరలించి, సైనిక కమిషన్ ముందు యుద్ధ నేరాల కేసు నడిపింది. అదే ఏడాది నవంబరులో పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెరా లియోన్‌లో అంతర్యుద్ధ నేరాల విచారణకు పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్, ఆయన కూడా అమెరికా వాడే, పిల్లల మీద కేసులు పెట్టేది లేదని ప్రకటించాడు.

క్రేన్‌కు అధికారం లేక అలా అనలేదు. ఆ న్యాయస్థానం శాసనంలో ఏడో అధికరణం 15 ఏళ్లు నిండిన వాళ్లను విచారించవచ్చని స్పష్టంగా చెప్పింది. కాకపోతే 18 లోపు వాళ్లకు జైలు శిక్ష వేయకూడదు. కౌన్సెలింగ్, సమాజ సేవ, పెంపుడు కుటుంబంలో ఉంచడం, చదువు, చేతిపని నేర్పడం లాంటి ఆదేశాలు మాత్రమే ఇవ్వాలి. ఈ ఏర్పాటు వెనక ఉన్న గొడవ మనం సాధారణంగా ఊహించుకునే దానికి తలకిందులు. 2000 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ భద్రతా మండలికి ఇచ్చిన నివేదిక చూస్తే, పిల్లల్ని విచారించవద్దని గట్టిగా పట్టుబట్టింది పునరావాస పనుల్లో ఉన్న అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు. ఏదో ఒక విచారణ జరిగి తీరాలన్నది సియెరా లియోన్ ప్రభుత్వం, అక్కడి పౌర సంఘాలు. చేతులు నరికించుకున్న వాళ్లు, ఇళ్లు తగలబడిన వాళ్లు ఉన్న దేశమది. నరికిన వాళ్లలో పన్నెండేళ్ల పిల్లలూ ఉన్నారు. 'పాపం పిల్లలు' అన్న మాట దూరం నుంచి అన్నంత సులువుగా ఆ ఊళ్లలో నోరు దాటదు.

అందుకే ఈ విషయంలో జాలి ఒక్కటే సరిపోదు, రుజువు కావాలి. తరచుగా ముందుకు తెచ్చే రుజువు మెదడుది. తీర్పు, నిగ్రహం, ముందుచూపు లాంటి పనుల్లో ముఖ్య పాత్ర ఉన్న ముందరి భాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. భయానికీ ఉద్రేకానికీ స్పందించే భాగాలు అంతకన్నా ముందే చురుకవుతాయి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక కారు నడిపే వీడియో గేమ్‌తో దీన్ని పరీక్షించారు. పసుపు దీపం పడ్డాక ఎంతదాకా తెగించి కారు పోనిస్తారన్నది ఆట. ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్ల వాళ్లకూ పెద్దవాళ్లకూ పెద్ద తేడా రాలేదు. పక్కన స్నేహితులు కూర్చోగానే కుర్రాళ్ల తెగింపు రెట్టింపు అయింది, పెద్దవాళ్లలో దాదాపు మార్పే లేదు.

వినడానికి బాగుంటుంది. కానీ బాల సైనికుల విషయంలో ఈ వాదన మీద మరీ బరువు వేయడం నాకు ఇష్టం లేదు. ఇందులో రెండు చిక్కులున్నాయి. స్థిమితంగా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్ల పిల్లలు తర్కంలో పెద్దవాళ్లకు ఏమీ తీసిపోరని ఇదే రంగంలోని పరిశోధనలు చెబుతున్నాయి. చంపడం తప్పని పదహారేళ్ల వాడికి తెలియదా అంటే, తెలుసు. రెండోది, మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతుంది గనక శిక్ష వద్దంటే ఇరవై రెండేళ్ల సైనికుడికీ అదే వర్తించాలి, దానికి ఎవరూ ఒప్పుకోరు. పైగా అమెరికా ప్రయోగశాలలో గేమ్ ఆడిన కుర్రాడి తలకు ఎవరూ తుపాకీ గురిపెట్టలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉంది. అది స్కానింగ్ యంత్రాల్లో దొరికింది కాదు, ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేల్లో దొరికింది.

ఉత్తర ఉగాండాలో జోసెఫ్ కోనీ నడిపిన లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం దాదాపు రెండు దశాబ్దాల పాటు అచోలీ తెగ పల్లెల మీద రాత్రిపూట దాడి చేసి పిల్లల్ని ఎత్తుకెళ్లేది. ఎంత భయమంటే, చీకటి పడే వేళకు వేలాది పిల్లలు దుప్పటి చంకన పెట్టుకుని గులు, కిట్గుం పట్టణాలకు నడిచి వచ్చి, ఆస్పత్రి వరండాల్లో, బస్టాండుల్లో పడుకుని, తెల్లారి మళ్లీ ఊళ్లకు నడిచేవాళ్లు. దాడి చేసినవాళ్లు మంచి పిల్లాడు, చెడ్డ పిల్లాడు అని చూడలేదు, డబ్బున్న ఇల్లా లేని ఇల్లా అని చూడలేదు. ఆ రాత్రి దొరికిన వాణ్ణి పట్టుకుపోయారు.

పరిశోధకులకు ఈ దారుణం ఒక అరుదైన అవకాశం ఇచ్చింది. మామూలుగా సైన్యంలో చేరిన వాళ్లను, చేరని వాళ్లను పోల్చి చూస్తే, వచ్చిన తేడా యుద్ధం వల్లనా, ముందునుంచీ వాళ్లలో ఉన్న తేడా వల్లనా అన్నది తేలదు. ఇక్కడ ఎత్తుకెళ్లడం దాదాపు లాటరీలా జరిగింది గనక ఆ చిక్కు చాలావరకు తప్పింది. క్రిస్టఫర్ బ్లాట్‌మన్, జీనీ అన్నన్ 2005–06లో కిట్గుం, పాడెర్ జిల్లాల్లో, దాదాపు పదేళ్ల కిందట ఏ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లో మొదట జాబితా రాయించుకుని, ఆ జాబితాలోని కుర్రాళ్లను ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్నారు. ఎత్తుకెళ్లాక తిరిగొచ్చిన వాళ్లూ, అసలు ఎవరూ ఎత్తుకెళ్లని వాళ్లూ కలిసి 700 మందికి పైగా తేలారు.

అడవిలో గడిపిన వాళ్లు సగటున ఏడాదికి కాస్త తక్కువ చదువు నష్టపోయారు. నైపుణ్యం కావాల్సిన పని చేస్తున్న వాళ్లు మిగతా వాళ్లలో సగమే, సంపాదన మూడో వంతు తక్కువ. తీవ్రమైన మానసిక వేదన మాత్రం అందరిలో లేదు, అత్యంత ఘోరమైన హింస చూసిన వాళ్లలోనే పేరుకుంది. అందరూ భయపడిన సంగతి, వీళ్లు తిరిగొచ్చి ఊళ్లో కొట్లాటలకు దిగుతారన్నది, లెక్కల్లో కనిపించలేదు. పైపెచ్చు ఓటు వేయడంలోనూ, ఊరి పెద్దరికాల్లోనూ వీళ్లు మిగతా వాళ్లకంటే ముందున్నారు. ఎందుకో కచ్చితంగా చెప్పలేం గానీ, 'చెడిపోయిన తరం' అనే మాటను మాత్రం ఈ లెక్కలు నిలబడనివ్వవు. ఇలాంటి వాణ్ణి పదేళ్లు జైల్లో పెట్టడమంటే, పోయిన ఒక్క ఏడాది చదువుకు మరో పదేళ్లు కలపడమే.

సియెరా లియోన్‌లో థెరెసా బెటాన్‌కోర్ట్ బృందం 2002లో మొదలుపెట్టి, అదే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చింది. అక్కడి ఫలితం ఇంత తేలిక కాదు. ఎవరినైనా గాయపరిచిన, చంపిన పిల్లల్లో కాలం గడిచే కొద్దీ కోపం, వైరభావం పెరిగాయి. అత్యాచారానికి గురైన వాళ్లలో ఆందోళన, వైరభావం రెండూ ఉన్నాయి, ఆశ్చర్యంగా ఆత్మవిశ్వాసం కూడా పెరిగింది. అంటే చేతితో చేసిన హింస మనసులో అలాగే ఉండిపోతుంది, 'పిల్లలు కదా, మరిచిపోతారు' అనుకోవడానికి లేదు. అయితే యుద్ధంలో ఏం జరిగిందన్న దానితో పాటు, తిరిగొచ్చాక ఊరు ఎలా చూసిందన్నది కూడా ఈ పిల్లల భవిష్యత్తును నడిపించింది. వీధిలో వేలెత్తి చూపి 'తిరుగుబాటోడు' అన్న చోట వేదన ముదిరింది. ఇంట్లో, ఊళ్లో చేరదీసిన చోట పిల్లలు కుదుటపడ్డారు.

మొజాంబిక్ నుంచి వచ్చిన మరో పరిశీలన చిన్నదే గానీ పక్కన పెట్టలేనిది. 1988లో రెనామో తిరుగుబాటుదార్ల చేతుల్లోంచి బయటపడిన 39 మంది మగపిల్లల్ని రాజధాని మపుటోలోని లాంగెనె కేంద్రానికి తెచ్చారు. నీల్ బూత్‌బీ బృందం వాళ్లను పదహారేళ్ల పాటు గమనించింది. ఎక్కువమంది పెళ్లిళ్లు చేసుకుని, పొలమో పనో చూసుకుంటూ సాధారణ గృహస్థులయ్యారు. ఆరు నెలల లోపు రెనామో శిబిరంలో ఉన్నవాళ్లు తమను తాము బాధితులుగా చెప్పుకున్నారు, త్వరగా కోలుకున్నారు. ఏడాది, అంతకు మించి ఉన్నవాళ్లు మొదట్లో తమను రెనామో మనుషులుగానే చెప్పుకున్నారు, వాళ్లను మళ్లించడానికి చాలా ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది. వయసు కంటే శిబిరంలో గడిపిన కాలమే పెద్ద కొలత అయింది. చట్టాలేమో పుట్టిన తేదీనే చూస్తాయి.

శిక్ష వద్దంటే చేసిన పనికి లెక్కే అడగకూడదని కాదు. ఈ తేడాను కోర్టులకంటే అచోలీ పెద్దలు బాగా గ్రహించారని నా అభిప్రాయం. అడవి నుంచి వచ్చినవాడు ఊరి మొదట్లో ఒక పచ్చి గుడ్డు మీద కాలు వేసి దాన్ని చిదిమి లోపలికి రావాలి. గుడ్డు ఏ పాపమూ ఎరగనిది. దాని పక్కనే ఒపోబో చెట్టు రెమ్మ పెడతారు, బెరడు జారుడుగా ఉండి ఒకప్పుడు సబ్బులా వాడిన రెమ్మ అది. ఇంకో పక్క లయిబి, ధాన్యపు గాదె మూత ఎత్తే కర్ర. కడుక్కో, వచ్చి తిను అని అర్థం. హత్య జరిగిన రెండు వంశాల మధ్య రాజీకి మాటో ఓపుట్ అనే వేరే తంతు ఉంది. తప్పు ఒప్పుకుని, పరిహారం కట్టి, చేదు వేరు కషాయం రెండు పక్షాల వాళ్లూ కలిసి తాగుతారు. పునరావాసం అంటే కుట్టుమిషను ఇచ్చి ఫొటో తీసుకోవడమనుకునే సంస్థలు దీన్ని చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. దీనికీ హద్దులున్నాయి. తాను చంపింది ఏ ఊరివాణ్ణో, ఏ వంశం వాణ్ణో ఆ పిల్లాడికే తెలియనప్పుడు కషాయం ఎవరితో కలిసి తాగాలి?

మనసుకు వైద్యం కూడా కావాలి, అది మరీ ఖరీదైన పని కాదు. ఉత్తర ఉగాండాలోనే, యుద్ధపు పీడకలలతో బాధపడుతున్న 85 మంది మాజీ బాల సైనికుల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానికులు, డాక్టర్లు కారు, ఇళ్లకు వెళ్లి ఎనిమిది విడతలు కూర్చున్నారు. పద్ధతి పేరు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. ఒక తాడు నేల మీద పరిచి, బతుకులోని మంచి ఘట్టాలకు పువ్వులు, చెడ్డ ఘట్టాలకు రాళ్లు పెడుతూ, పుట్టినప్పటి నుంచి కథంతా వరసగా చెప్పించడం ఇందులో భాగం. చదువులో సాయం మాత్రమే అందిన వాళ్లకంటే వీళ్లు స్పష్టంగా ఎక్కువ కోలుకున్నారు.

అమ్మాయిల సంగతి వేరే చెప్పాలి. సియెరా లియోన్‌లో ఆయుధాలు అప్పగింపజేసి పునరావాసంలోకి తీసుకున్న 6,800కు పైగా పిల్లల్లో ఆడపిల్లలు దాదాపు 8 శాతమే. దళాల్లో వాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. ఆచరణలో చాలా చోట్ల తుపాకీ చూపిస్తేనే లోపలికి రానిచ్చారు. అమ్మాయిల తుపాకులను కమాండర్లు లాక్కున్నారు, లేదా వాళ్లను 'భార్యలు'గా రాయించి పక్కన పెట్టారు. చంకన పసిబిడ్డతో ఊరికి వచ్చిన పదహారేళ్ల తల్లికి పునరావాసమూ దక్కలేదు, విచారణా లేదు.

ఇక అన్నిటికంటే కఠినమైన కేసు డొమినిక్ ఓంగ్వెన్‌ది. బడికి వెళ్తుండగా, తొమ్మిదేళ్ల వయసులో, కోనీ మనుషులు ఎత్తుకెళ్లారు. పెరిగి పెద్దయి బ్రిగేడ్ కమాండరయ్యాడు, తన లాంటి పిల్లల్నే ఎత్తుకెళ్లించాడు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2021 ఫిబ్రవరిలో 61 నేరాల్లో దోషిగా తేల్చి, మేలో 25 ఏళ్ల శిక్ష వేసింది. బాల్యం అలా చితికిపోయినందుకే యావజ్జీవం వేయలేదని కోర్టు చెప్పింది. నాకు ఈ తీర్పు సబబుగానే తోస్తుంది. ఆ కోర్టును ఏర్పాటు చేసిన రోమ్ శాసనం 18 లోపు నేరాలను దాని పరిధిలోంచి తీసేసింది, ఓంగ్వెన్ మీద మోపినవన్నీ పెద్దయ్యాక చేసినవి. కానీ మొజాంబిక్ లెక్క ప్రకారం, ఏడాది గడిపిన వాళ్లకే అంత కష్టమైతే, అప్పటికే దాదాపు తొమ్మిదేళ్లు దళంలో గడిపిన వాడి పద్దెనిమిదో పుట్టినరోజున కొత్తగా ఏం మారి ఉంటుంది? కోర్టు 18 దగ్గర గీసిన గీతకు సాటి గీత సైన్సులో లేదు. అయినా గీత ఎక్కడో గీయక తప్పదు.

గీయని చోట ఏమవుతుందో ఇరాక్‌లో చూశాం. ఐసిస్‌తో సంబంధం పేరుతో అక్కడ 2018 చివరికి దాదాపు 1,500 మంది పిల్లలు నిర్బంధంలో ఉన్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా వేసింది. చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించారన్న ఆరోపణలూ నమోదు చేసింది. అంతర్జాతీయ చట్టం పిల్లల విచారణను పూర్తిగా నిషేధించలేదు. 2007 నాటి పారిస్ సూత్రాలు వాళ్లను ముందుగా బాధితులుగా చూడమంటాయి, కానీ అవి పాటించి తీరాల్సిన చట్టం కావు.

మన దేశం సంగతికొస్తే, మావోయిస్టులు పిల్లల్ని చేర్చుకుంటున్నారని ఐక్యరాజ్యసమితి నివేదికలు ఏళ్ల తరబడి రాశాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 83 అలా చేర్చుకునే సాయుధ ముఠాలకు ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పెట్టింది, అంటే పిల్లాణ్ణి బాధితుడిగా చూసింది. అదే చట్టంలో సెక్షన్ 15 ప్రకారం, ఘోర నేరం ఆరోపణ ఉన్న 16–18 ఏళ్ల వాణ్ణి పెద్దవాడిలా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేయాలి. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి ఆ అంచనాలో చూడాల్సిన అంశాలు. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగే మొదటి రెండింటిలో దళంలో ఉన్న పదహారేళ్ల వాడు నెగ్గుతాడు, నెగ్గినందుకే పెద్దవాడిలా విచారణకు వెళ్లే ప్రమాదంలో పడతాడు. కాబట్టి ఎవరు తీసుకెళ్లారు, ఎన్నాళ్లు ఉంచారు, తిరిగొస్తే ఏ ఇల్లు తలుపు తీస్తుంది అని ఆ మూడో అంశం కింద అడిగి, జవాబులు రాతపూర్వకంగా నమోదు చేయడం బోర్డులు అలవాటు చేసుకోవాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.