న్యోక్కి విచ్చిపోతే మైదా డబ్బా మూసేయండి: అపోహలు - వాస్తవాలు

నా వంట క్లాసులో న్యోక్కి (ఉడికించిన ఆలుగడ్డ, మైదా కలిపి చిన్న ముక్కలుగా చేసి నీళ్లలో ఉడికించే ఇటలీ వంటకం) రోజు వచ్చిందంటే ఈ మాట వినక తప్పదు: "మేడమ్, ఇంట్లో చేస్తే నీళ్లలో విచ్చిపోయాయి. ఇంకో కప్పు మైదా కలిపితే రబ్బరు అయ్యాయి." ఏదో వీడియోలో "ముద్ద చేతికి అంటుకోవడం మానేదాకా మైదా వేస్తూ ఉండండి" అన్నారట. ఆ ఒక్క సలహా వల్ల ఎన్ని కిలోల ఆలుగడ్డలు చెత్తబుట్టలోకి పోయాయో!

ముద్ద అంటుకుంటోందంటే మైదా తగ్గిందని కాదు, ఆలుగడ్డలో నీరు ఎక్కువైందని. ఆ నీటికి సరిపడా మైదా పోసి, చపాతీ పిండిలా పిసికితే మైదాలో సాగుడు తెచ్చే ప్రోటీన్, అదే గ్లూటెన్, బిగుస్తుంది. ఇక అది నమలడానికే తప్ప తినడానికి కాదు. కిలో ఆలుగడ్డకు 250 నుంచి 300 గ్రాముల మైదా చాలు. అంతకు మించుతోందంటే తప్పు ముందే, ఉడకబెట్టేటప్పుడే జరిగింది.

ముక్కలు కోసి కుక్కర్లో పెడతారు, అక్కడే సగం నీరు పట్టేస్తుంది. తొక్కతో, గడ్డ గడ్డగానే ఉడికించండి. వేడి మీదే తొక్క తీసి జంతికల గొట్టంలో సన్న చిల్లుల బిళ్ల వేసి వత్తండి. ఇటలీలో దీనికి వేరే పరికరం ఉంది, కొనక్కర్లేదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోనివ్వండి. మిక్సీలో మాత్రం వేయొద్దు, గంజిపదార్థం బయటికొచ్చి జిగురైపోతుంది. కొత్త ఆలులో నీరు ఎక్కువ, చిప్స్‌కు వాడే రకం దొరికితే అదే మేలు. మైదా కలిసి ముద్ద అయ్యిందా, చెయ్యి తీసేయండి. ఒక్క ముక్కను మరిగే నీటిలో వేసి చూడండి. అది విచ్చితే అప్పుడు ఒక చెంచా మైదా, అంతే.

ఒకమ్మాయి రాత్రిపూట ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. అత్తగారి వైపు వాళ్లు హాల్లో కూర్చున్నారు, గిన్నెలో గంజి తప్ప న్యోక్కి లేదు. "టెన్షన్ పడకమ్మా, మిగిలిన ముద్దను టిక్కీల్లా తట్టి పెనం మీద వెన్నతో కాల్చు, పైన టమాటా సాస్, చీజ్ వెయ్యి" అన్నాను. అందరూ మళ్లీ అడిగి తిన్నారట. వాళ్లకు ఏ పేరు చెప్పి పెట్టిందో నేను అడగలేదు.

గుడ్డు లేకపోతే కుదరదంటారు. కుదురుతుంది, ఇటలీలోనే చాలామంది వేయరు. కూరగాయలన్నీ ముద్దలో కలపాలనుకోవడం ఇంకో పొరపాటు. పాలకూరైతే నీళ్లు గట్టిగా పిండేసి, గుమ్మడి అయితే ఉడకబెట్టకుండా ఓవెన్లో కాల్చి కలపండి. బఠాణీ, క్యాప్సికమ్, బీన్స్ సాస్‌లోనే బాగుంటాయి. "అసలైన న్యోక్కి అంటే క్రీమ్ సాసే" అనేవాళ్లకు ఇటలీలోని సొరెంతో ఊరి వాళ్లది చూపించాలి: టమాటా, మొజరెల్లా, బేసిల్. ఆలుతోనే మొదటి నుంచీ చేసేవారన్నదీ నిజం కాదు. ఆలుగడ్డ దక్షిణ అమెరికా నుంచి యూరప్ చేరిందే 16వ శతాబ్దంలో. అంతకు ముందు పిండితో, బ్రెడ్ పొడితో చేసుకునేవారు. రోమ్ వాళ్లు ఇప్పటికీ రవ్వతో బిళ్లలు చేసి వెన్న, చీజ్ వేసి బేక్ చేస్తారు.

చీజ్ గురించి శాకాహారులు భయంభయంగా అడుగుతారు. ఆ భయం న్యాయమే. ఇటలీ గట్టి చీజ్ అయిన అసలు పార్మిజానో రెజ్జానోను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) చేయాలని నియమం. కాబట్టి ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉన్న గట్టి చీజ్ చూసి కొనండి, రుచిలో కొంచెం తేడా ఉన్నా పని జరుగుతుంది. శాండ్‌విచ్ స్లైసులు మాత్రం వద్దు, సాస్ ముద్దకడుతుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టకండి, నీరు వదిలి నల్లబడతాయి. పచ్చివే పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్లో పెట్టండి. గట్టిపడ్డాక కవర్లో వేసుకుని, కావాల్సినప్పుడు కరగనివ్వకుండా అలాగే మరిగే నీటిలో వేయండి. పైకి తేలగానే తీసేయండి.