పన్నెండు మంది ముందు ఒక కాఫీ కప్పు

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూల్లో మాక్ ట్రయల్, అంటే ఉత్తుత్తి కోర్టు విచారణ ఉందనీ, చిన్ని వాది తరఫు లాయరనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జ్యూరీని, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనాన్ని, ఎలా ఒప్పించాలో తాతయ్యని అడగమన్నావట. నేను నలభై ఏళ్లూ జడ్జిగారి ఎదుటే వాదించాను తల్లీ, మన దగ్గర సివిల్ దావాల్లో జ్యూరీ ఉండదు. అయినా మీ అమెరికా కేసొకటి నాకు బాగా గుర్తుంది, అది చెప్తాను.

1992లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో 79 ఏళ్ల మామ్మగారొకావిడ మెక్‌డొనాల్డ్స్‌లో 49 సెంట్ల కాఫీ కొన్నారు. మనవడు కారు ఆపాడు. క్రీమూ పంచదారా వేసుకుందామని కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత లాగారు. కాఫీ అంతా ఒళ్లో పడింది. వేసుకున్న స్వెట్‌ప్యాంట్ దాన్ని పీల్చుకుని ఒంటికి అంటుకుపోయింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. 20 వేల డాలర్లు ఇమ్మంటే కంపెనీ 800 ఇస్తానంది.

1994లో కేసు పన్నెండు మంది జ్యూరీ ముందుకొచ్చింది. కాఫీ ఒలికితే కేసేమిటని మొదట్లో జ్యూరీలోనే విసుక్కున్నారు. అలాంటివాళ్ల దగ్గర ఉపన్యాసాలు పనిచెయ్యవు. మామ్మగారి లాయరు కాలిన గాయాల ఫొటోలు చూపించాడు. కాఫీని 82 నుంచి 88 డిగ్రీల వేడిలో ఉంచాలన్న కంపెనీ రూలునీ, పదేళ్లలో వచ్చిన 700 పైచిలుకు ఫిర్యాదుల్నీ వాళ్ల ముందు పెట్టాడు. అమ్మిన కోట్ల కప్పుల్లో 700 లెక్కలోకే రాదని కంపెనీ తరఫు నిపుణుడు అన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ ఫొటోలు చూసిన మనిషికి ఆ మాట ఎలా వినపడుతుంది? నన్నడిగితే కంపెనీ ఓడిపోయింది అక్కడే.

అలాగని మామ్మగారి తప్పేమీ లేదని జ్యూరీ అనలేదు. 20 శాతం ఆవిడదేనంది, 2 లక్షల పరిహారంలో ఆ మేరకు కోసేసింది. నీ కేసులోనూ ఇలాంటి లొసుగు ఉంటుంది. దాన్ని ముందు నువ్వే చెప్పెయ్. ఎదుటి లాయరు చెబితే నువ్వు దాచావనుకుంటారు. పైగా ఇది క్రిమినల్ కేసు కాదు, తక్కెడ నీ వైపు కాస్త మొగ్గితే చాలు.

ఇక జరిమానా, అంటే పరిహారం కాక కంపెనీకి బుద్ధి చెప్పడానికి వేసేది. లక్షల డాలర్లంటే ఎవరి ఊహకీ అందదు. అందుకే లాయరు ఒకటి రెండు రోజుల కాఫీ అమ్మకం డబ్బు వెయ్యమన్నాడు. రోజుకి పదమూడున్నర లక్షలు. జ్యూరీ రెండు రోజులది, 27 లక్షలు వేసింది. జడ్జి దాన్ని 4 లక్షల 80 వేలకి దించాడు, ఆ తర్వాత రెండు పక్షాలూ రాజీపడ్డాయి. పేపర్లకి మాత్రం ఆ 27 లక్షలే గుర్తుండిపోయింది.

బుజ్జీ, నువ్వు సాక్షివట కదా. అడిగినదానికే జవాబు చెప్పు, కథలు అల్లకు.

ఆదివారం వీడియో కాల్‌లో చిన్ని వాదన వినిపించాలి. అమ్మమ్మని జ్యూరీగా కూర్చోబెడతాను. ఆవిడ మధ్యలో పప్పు చూసొస్తానని లేచిందంటే, అక్కడిదాకా రాసింది కొట్టేసి మళ్లీ రాయి.

మీ తాతయ్య